ఎనిమిది మంది, ఒకే ఇల్లు: టస్కనీ పల్లెలో వారం రోజులు

పోయిన సంచికలో ఇటలీలోని టస్కనీ పల్లెల్లో స్నేహితులతో కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని ఉండటం గురించి ఒక పేజీ రాశాను. నేను అలా రెండుసార్లు వెళ్లాను, 2016లో ఆరుగురం, 2019లో తొమ్మిది మందిమి. ఆ పేజీ చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేసి ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేం ఇంజినీరింగ్‌లో ఒకే బ్యాచ్. వచ్చే ఏడు అందరికీ యాభై నిండుతాయి. మూడు జంటలు, ఒంటరిగా వచ్చేవాళ్లు ఇద్దరు, మొత్తం ఎనిమిది మంది. సెప్టెంబరులో టస్కనీలో వారం పాటు ఇల్లు తీసుకుందామని నేనన్నాను. మా వారేమో అంత డబ్బు పోసి వెళ్లి ఒకే ఊళ్లో వారం కూర్చోవడమేంటి, అదే డబ్బుతో ప్యాకేజీలో ఐదు దేశాలు చూసి రావచ్చు అంటున్నారు. ఇంకో స్నేహితురాలు ఫ్లోరెన్స్‌లో హోటల్ మేలంటోంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ వారి మాట తీసిపారేసేది కాదండీ. ఆయనకు కావలసిన సెలవు వేరు, మీకు కావలసింది వేరు. చూసిన ఊళ్లు ఎన్నో లెక్కేసుకుని సంతోషపడేవాళ్లకు పల్లెలో ఇల్లు నిజంగానే దండగ. అలాంటి ఇల్లు తీసుకునేది ఊళ్లు తిరగడానికి కాదు, ఆ ఇంట్లో ఉండటానికి. ఈ సంగతి ఎనిమిది మందికీ ముందే తెలిసి ఉండకపోతే రెండో రోజుకే సగం మంది కారెక్కి వెళ్లిపోతారు, మిగతా సగం మంది మమ్మల్ని వదిలేసి పోయారని ముఖం ముడుచుకుంటారు. మా మొదటి ప్రయాణంలో అచ్చంగా ఇదే జరిగింది, ఆ ఆరుగురిలో ఇద్దరు ఇప్పటికీ ఆ వారం గురించి మాట్లాడుకోరు.

అందుకని ఇల్లు వెతకడం మొదలుపెట్టకముందే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి. వాట్సాప్ గ్రూపులో అడిగితే మొదట జవాబిచ్చినవాళ్ల మాటే అందరూ అనేస్తారు, కాబట్టి విడివిడిగానే అడగాలి. "మూడో రోజు పొద్దున పదకొండింటికి నువ్వెక్కడ ఉండాలనుకుంటున్నావు?" అని. చెట్టు కింద రెండో కాఫీ తాగుతూ ఉంటాను అన్నవాళ్లు ఇంటికి సరిపోతారు. మ్యూజియం లైన్‌లో ఉంటాను అన్నవాళ్లకు మీ స్నేహితురాలు చెప్పిన హోటలే సరి. రెండు రకాలవాళ్లూ ఉంటే (ఉంటారు) మొదట ఫ్లోరెన్స్‌లో రెండు మూడు రాత్రులు హోటల్లో ఉండి బొమ్మలూ చర్చిలూ చూసేసి, తర్వాత ఇంటికి వెళ్లండి. వరుస మాత్రం ఇదే ఉండాలి. పల్లెలో వారం గడిపాక ఎవరికీ లైన్లలో నిలబడే ఓపిక ఉండదు. ఫ్లోరెన్స్ రోజుల్లో సోమవారం పడకుండా చూసుకోండి, ఉఫీజీ గ్యాలరీకి ఆ రోజు సెలవు. ఇంకో మాట, రద్దీ నెలల్లో అక్కడి ఇళ్లు చాలావరకు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, కాబట్టి విమానం టికెట్లు కొనేది ఇల్లు ఖాయమయ్యాకే.

ఇక ఎక్కడ అంటే, మొదటిసారి వెళ్లేవాళ్లకు ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్యనున్న కియాంటి ప్రాంతమే చెబుతాను. గ్రెవె, పంజానో, కాస్తెల్లీనా, రద్దా, ఈ ఊళ్ల చుట్టుపక్కల చూడండి. క్యాలెండర్లలో కనిపించే సైప్రస్ చెట్ల వరుసలు, నున్నటి గుట్టలు ఉండేది దక్షిణాన వాల్ డోర్చాలో. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన చోటు, అందంలో దానికి సాటి లేదు, కానీ అక్కణ్నుంచి ఫ్లోరెన్స్ వెళ్లి రావాలంటే పోను దాదాపు రెండు గంటలు, రాను రెండు గంటలు. మ్యాప్‌లో కిలోమీటర్లు చూసి మోసపోవద్దు. గ్రెవె నుంచి ఫ్లోరెన్స్ 30 కిలోమీటర్లే, కానీ మలుపుల దారి, ముప్పావుగంట పైనే పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక ఊరు ఉండాలి. ఒక కిరాణా కొట్టు, ఒక బేకరీ, పొద్దున్నే కాఫీ ఇచ్చే ఒక బార్ (అక్కడ బార్ అంటే కాఫీ కొట్టే) ఉంటే చాలు. ఇది ఉంటే కారు తాళం ఎవరి చేతిలో ఉందన్న గొడవ రాదు, పొద్దున్నే లేచేవాళ్లు వెళ్లి రొట్టె తెస్తారు, ఆలస్యంగా లేచేవాళ్లు హాయిగా నిద్రపోతారు.

సెప్టెంబరు చక్కటి ఎంపిక. ఎండ తగ్గుతుంది, ద్రాక్ష కోతలు నడుస్తుంటాయి, సాయంత్రం పల్చటి స్వెట్టర్ ఉంటే చాలు. జూలై, ఆగస్టుల్లో అయితే 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి, పాత రాతి ఇళ్లలో చాలావాటికి ఏసీ ఉండదు. పైగా ఆగస్టు 15 వాళ్లకు పెద్ద పండగ, ఆ వారం దేశమంతా సెలవులో ఉంటుంది. ఏప్రిల్ చివర, అక్టోబరుల్లో ఇంకో చిక్కుంది. ఆ ప్రాంతంలో ఇంటి హీటింగ్‌ను మామూలుగా నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకానే వేయనిస్తారు, మిగతా రోజుల్లో రాత్రి చలేస్తే దుప్పటే గతి. ఈత కొలనులు కూడా చాలాచోట్ల మే నుంచి సెప్టెంబరు దాకానే తెరిచి ఉంటాయి, నీళ్లు వేడిచేయరు. ఫొటో చూసి అక్టోబరులో ఈతకు దిగుదామనుకుంటే కుదరదు.

ప్రశ్న: సియెనా దగ్గర ఐదు గదుల ఇల్లు, ఈత కొలనుతో సహా, జూలైలో వారానికి 900 యూరోలకే కనిపించింది. సైట్ ద్వారా కాకుండా నేరుగా తన బ్యాంకు ఖాతాకు పంపితే ఇంకో పది శాతం తగ్గిస్తానని యజమాని అంటున్నాడు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వద్దు. పంపకండి. జూలైలో ఐదు గదులు, కొలను, ఆ ధర అంటేనే అనుమానించాలి, సైట్ బయట డబ్బు అడిగాడంటే ఇక ఆలోచించేదేమీ లేదు.

ముందుముందు ఏ ఇల్లు చూసినా ఈ పని చేయండి. ఇటలీలో 2025 జనవరి 1 నుంచి ఇలా అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ దేశమంతటికీ చెల్లే ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి, దాన్ని ఇటాలియన్‌లో 'చిన్' అంటారు, ఐటీ అన్న రెండు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలవుతుంది. ప్రకటనలో అది రాసి తీరాలి, ఇంటి బయట కూడా పెట్టాలి. ఆ సంఖ్య ఇవ్వని ఇంటి గురించి ఇంక మాట్లాడకండి. ఇచ్చాక శాటిలైట్ మ్యాప్‌లో ఆ చిరునామా తెరిచి, కొలను నిజంగా ఉందా, పక్కనే హైవే పోతోందా చూడండి. ఇంటి యజమానితో ఒకసారి వీడియో కాల్ మాట్లాడండి, నిజమైనవాళ్లు సంతోషంగా ఇల్లంతా తిప్పి చూపిస్తారు. 2019లో మా ఇంటావిడ వంటింటి సొరుగులు కూడా తెరిచి చూపించింది.

ప్రశ్న: మేం ఐదుగురం హైదరాబాద్ నుంచి, ఒకతను జర్మనీలో ఉద్యోగం, ఇంకొకామె అమెరికా పౌరురాలు. ఇల్లు ఒకరి పేరు మీదే బుక్ చేశాం. వీసాకు ఇబ్బందవుతుందా?
– ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: అవదు, కానీ కాగితం ఒకటి కావాలి. వీసా దరఖాస్తు ఎవరిది వాళ్లదే, గుంపుగా ఇవ్వరు. కాబట్టి ఆ ఐదుగురి పేర్లూ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే, పాస్‌పోర్టు నంబర్లతో, తేదీలతో, ఇంటి చిరునామాతో ఒక ఉత్తరం రాసిమ్మని యజమానిని అడగండి. ఆయనకు ఇది కొత్తేమీ కాదు, ఇంట్లో దిగినవాళ్ల వివరాలు 24 గంటల్లోగా అక్కడి పోలీసులకు ఎలాగూ తెలపాలి. దిగాక ఆయన పాస్‌పోర్టులు అడిగితే కంగారు పడకండి, అందుకే అడుగుతారు.

షెంగెన్ వీసాకు (ఇటలీతో సహా యూరప్‌లో చాలా దేశాలకు చెల్లే ఒకే వీసా) ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇచ్చేయాలి, కానీ ఎండాకాలానికి అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కనుక మూడు నెలల ముందే మొదలుపెట్టండి. పెద్దవాళ్లకు రుసుం 90 యూరోలు, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు. జర్మనీ నివాస అనుమతి ఉన్నాయనకూ, అమెరికా పాస్‌పోర్టు ఆమెకూ ఈ వారానికి వీసా అక్కర్లేదు.

ఎవరూ మాట్లాడుకోని సంగతి ఒకటుంది. ఐదుగురిలో ఒకరికి వీసా రాకపోతే? ఇంటి అద్దె తగ్గదు, తలా ఇచ్చేది పెరుగుతుంది. రానివాళ్లు తమ వాటా వదులుకోవాలా, మిగతావాళ్లు భరించాలా? ఇది వీసా తిరస్కరించిన రోజు మాట్లాడుకునే విషయం కాదు, ఆ రోజు ఆ మనిషి బాధలో ఉంటాడు, డబ్బు మాట ఎత్తినవాళ్లు రాక్షసుల్లా కనిపిస్తారు. ఇప్పుడే, అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే తేల్చుకోండి. వీసాలు వచ్చేదాకా డబ్బు తిరిగొచ్చే షరతున్న ఇల్లే బుక్ చేయండి, ధర కొంచెం ఎక్కువైనా సరే.

ప్రశ్న: పోయినేడు ఇంగ్లండ్‌లోనే లేక్ డిస్ట్రిక్ట్‌లో నాలుగు కుటుంబాలం కలిసి కాటేజ్ తీసుకున్నాం. ఐదు రోజులూ నేనూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లం పొద్దున ఉప్మాలు, మధ్యాహ్నం పప్పన్నాలు, రాత్రి బిర్యానీలు వండుతూనే ఉన్నాం. మగవాళ్లు సరస్సు చూసొచ్చారు, మేం సింకు చూశాం. ఈసారి టస్కనీ అంటున్నారు, నాకు పోవాలని లేదు, కానీ చెబితే అందరి సరదా పాడు చేసినదాన్ని అవుతాను.
– ఒక పాఠకురాలు, లండన్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ సంచికకు వచ్చినవాటిలో నన్ను ఎక్కువగా కదిలించింది మీదే, ఎందుకంటే ఇది మీ ఒక్కరి ఉత్తరం కాదు. మనవాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి ఇల్లు తీసుకుంటే "ఎంచక్కా మనమే వండుకోవచ్చు" అంటారు, ఆ "మనమే" అన్న మాటలో ఎవరున్నారో ఎవరూ అడగరు. హోటల్లో అయితే కనీసం ఆ వారం పొయ్యి ఉండదు. వంటిల్లున్న ఇల్లు తీసుకుని, ఇంట్లో చేసే పనే పరాయి దేశంలో రెట్టింపు మందికి చేయాల్సి వస్తే దాన్ని సెలవు అనకూడదు.

మీరు చెప్పేయండి. సరదా పాడవుతుందని భయపడకండి, పోయినసారి మీ సరదా పాడయింది కదా, అది లెక్కలోకి రాలేదు. చెప్పేటప్పుడు ఫిర్యాదులా కాకుండా షరతులా చెప్పండి. నేను వస్తాను, కానీ రోజుకో జంట వంట, ఆ రోజు మిగతా మూడు జంటలు వంటింటి వైపు రాకూడదు, అని. వంట రానివాళ్ల వంతు వచ్చినరోజు వాళ్లు ఊళ్లోంచి పిజ్జాలు తెస్తారా, తమ డబ్బుతో అందర్నీ భోజనానికి తీసుకెళ్తారా అది వాళ్లిష్టం. మధ్యాహ్నం వంటే వద్దు. రొట్టె, టమాటా, చీజ్, పండ్లు, అంతే. పొద్దున ఎవరిది వాళ్లు. 2019లో మేం చేసింది ఇదే, తొమ్మిది మందిలో ముగ్గురు మగవాళ్లు జీవితంలో మొదటిసారి పదిమందికి అన్నం వండారు, ఒకతని పప్పు మాడింది, అందరం తిన్నాం. గిన్నెలు కడిగే యంత్రం ఉన్న ఇల్లే తీసుకోండి, ఇది విలాసం కాదు. టస్కనీలో ఇంకో సదుపాయం కూడా ఉంది, అగ్రిటూరిజ్మో అని రైతులే తమ పొలంలోని ఇళ్లు అద్దెకిస్తారు. 1985లో చట్టం చేసి దీన్ని వ్యవసాయానికి అనుబంధంగా గుర్తించారు, ఇచ్చేవాళ్లు నిజంగా సేద్యం చేసేవాళ్లే అయి ఉండాలి. చాలాచోట్ల ముందు చెబితే వాళ్లే రాత్రి భోజనం వండి పెడతారు, తమ నూనెతో, తమ కూరగాయలతో. వారంలో మూడు రాత్రులు అలా పెట్టించుకోండి.

ఈ షరతులకు ఒప్పుకోకపోతే మాత్రం మీరు వెళ్లొద్దు. నిజంగానే చెబుతున్నాను.

ప్రశ్న: మాలో నలుగురం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఏం తీసుకెళ్లొచ్చు, అక్కడేం దొరుకుతుంది? కుక్కర్, ఇండక్షన్ పొయ్యి పట్టుకెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి బయట నుంచి పాలతో, మాంసంతో చేసినవి ప్రయాణికులు తీసుకురాకూడదు. అంటే నెయ్యి డబ్బా, పాలపొడి, కోవా, పనీర్ వద్దు, మాంసం తినే మిత్రులుంటే వాళ్ల చికెన్ పచ్చడి కూడా వద్దని చెప్పండి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి లాంటివాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి అవీ వదిలేయండి. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి, చింతపండు, ఇంగువ, పోపు దినుసులు గట్టిగా ప్యాక్ చేసి పెద్ద పెట్టెలో వేసుకోండి.

అక్కడ కోప్, కోనాద్ లాంటి సూపర్‌మార్కెట్లలో బాస్మతి బియ్యం, ఎర్ర పప్పు, శనగలు, తెల్ల బీన్స్, చప్పటి పెరుగు, వంకాయలు, మంచి టమాటాలు అన్నీ ఉంటాయి. చిన్న ఊళ్లలో కొట్లు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం నుంచి ఏమీ దొరక్కపోవచ్చు. శనివారం సాయంత్రం ఇంటికి చేరతారు కదా, దారిలోనే సోమవారం దాకా సరుకులు కొనేయండి. ఆ ప్రాంతపు రొట్టెలో ఉప్పు వేయరు, మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది, దాని మీద ఆలివ్ నూనె, కాస్త ఆవకాయ రాసి తిని చూడండి. ఆ ఉప్పులేని రొట్టె ఆవకాయ కోసమే చేసినట్టుంటుంది.

హోటల్లో తినేటప్పుడు "సెంజా కార్నె, సెంజా పెషె, సెంజా బ్రోదో" అనండి, మాంసం, చేప, ఎముకల రసం లేకుండా అని. కూరగాయల సూప్ అని రాసినా ఆ రసంతో కాచి ఉండొచ్చు, అందుకే మూడో మాట మరవొద్దు. రిబొల్లీతా అని తెల్ల బీన్స్, ముదురాకు కూర, ఎండిన రొట్టె కలిపి వండే సూప్, టమాటా రొట్టె గుజ్జు పాప్పా అల్ పొమొదోరో, ఇవి టస్కనీ రైతుల తిండి, మీకు బాగా నచ్చుతాయి. పాస్తాలో గుడ్డు ఉందేమో అడగండి, ఇంట్లో చేసినవాటిలో ఎక్కువగా ఉంటుంది, కానీ సియెనా వైపు చేసే లావుపాటి పీచిని చాలావరకు పిండీ నీళ్లతోనే కలుపుతారు. చీజ్ సంగతి మాత్రం చెప్పాలి. పర్మెజాన్ చేయడానికి పాలను దూడ కడుపులోంచి తీసే పదార్థంతో విరగ్గొడతారు. అది తెలిసి కూడా తినాలా వద్దా అన్నది మీరే నిర్ణయించుకోండి, నేను దాచడం బాగుండదు.

కుక్కర్ తీసుకెళ్లండి, మూడు లీటర్లది. ఇండక్షన్ పొయ్యి వద్దు. ఇటలీలో మామూలు ఇంటి కరెంటు కనెక్షన్ 3 కిలోవాట్లే. ఓవెన్, బట్టలుతికే మెషీన్, కెటిల్ మూడూ ఒకేసారి వేస్తే ఇల్లంతా చీకటి. దిగిన రోజే మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూపించమనండి, కొన్ని ఇళ్లకు అది గేటు దగ్గర, వంద గజాల దూరంలో ఉంటుంది. మా ఇంటికి అలాగే ఉండేది, వర్షంలో ఫోన్ లైటుతో వెతుక్కున్నాం.

పసుపు గురించి ఒక హెచ్చరిక. 2016లో మేం దిగిన ఇంటి వంటింట్లో తెల్లటి పాలరాతి గట్టు ఉండేది. పులిహోర కలిపిన గిన్నె దాని మీద రాత్రంతా ఉంది, పొద్దునకు పసుపు వలయం, ఎంత తోమినా పోలేదు. ఆ ఇల్లు చూసే ఏజెన్సీ మా డిపాజిట్లోంచి 150 యూరోలు తీసుకుంది, అది న్యాయమే. అదే బిల్లులో మేం ముట్టుకోని తోట కుర్చీకి ఇంకో 80 వేశారు. అది ముందే విరిగి ఉందని చూపించడానికి మా దగ్గర ఒక్క ఫొటో లేదు. అప్పటి నుంచి పెట్టెలు దించకముందే ఇల్లంతా, కుర్చీలతో సహా, వీడియో తీస్తున్నాను. మీరూ తీయండి, గిన్నెల కింద పళ్లెం పెట్టండి.

ప్రశ్న: ఎనిమిది మందికి ఒక వ్యాన్ చాలుతుందా? మన లైసెన్సు అక్కడ పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తొమ్మిది సీట్ల వ్యాన్‌ను మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు, కానీ ఎనిమిది మంది కూర్చున్నాక ఎనిమిది పెట్టెలు పట్టవు, కియాంటి మలుపుల్లో దాన్ని తిప్పడమూ కష్టమే. రెండు చిన్న కార్లు తీసుకోండి, ఎవరి దారిన వాళ్లు వెళ్లే స్వేచ్ఛ కూడా ఉంటుంది. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. ఆర్టీఏ ఆఫీసులో ఫారం 4ఏ నింపి ఇవ్వాలి, రుసుం 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. గేర్లు వేసే కార్లే ఎక్కువ, స్టీరింగ్ ఎడమవైపు. ఆటోమేటిక్ కావాలంటే చాలా ముందే చెప్పాలి.

బాగా గుర్తుంచుకోవలసింది జెడ్‌టీఎల్. ఫ్లోరెన్స్, సియెనా పాత ఊళ్లలోకి బయటివాళ్ల కార్లు పోకూడదు, ఆ నిషేధ ప్రాంతం పేరే ఇది. మొదట్లో ఒక గుండ్రటి బోర్డు, మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్ర అంచు, పైన కెమెరా. ఆపేవాళ్లెవరూ ఉండరు, ఫోన్‌లో మ్యాప్ కూడా ఒక్కోసారి అందులోంచే పొమ్మంటుంది. విదేశాల్లో ఉండేవాళ్లకు జరిమానా కాగితం దాదాపు ఏడాది దాకా ఎప్పుడైనా రావచ్చు, దానికి ముందే మీ వివరాలు ఇచ్చినందుకు కారు కంపెనీ వేరే రుసుం కార్డులోంచి లాగేస్తుంది. కారు ఊరి బయట పార్కింగ్‌లో పెట్టి నడవండి. ఊళ్ల బయట పగలు కూడా హెడ్‌లైట్లు వేసి ఉంచాలి. వైన్ రుచి చూడటానికి వెళ్లేరోజు నడిపేవాళ్లు తాగకూడదు, దీనికి మినహాయింపు లేదు.

ఇంటికి చివరి కిలోమీటరో రెండో తెల్ల కంకర దారి ఉంటుంది, వీధి దీపాలుండవు, రాత్రి అడవిపందులు అడ్డమొస్తాయి. మొదటి రోజు వెలుగుండగానే చేరండి.

ప్రశ్న: అద్దె ఎలా పంచుకోవాలి? మాలో ఇద్దరు ఒంటరిగా వస్తున్నారు, ఒక జంటకు ఇద్దరు పిల్లలు.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తలకింత అని కాదు, గదికింత అని పంచుకోండి. ఉదాహరణకు వారానికి అద్దె 2,800 యూరోలు, నాలుగు గదులు అనుకుందాం. స్నానాల గది కలిసి ఉన్న పెద్ద గదికి 900, కిటికీలోంచి గుట్టలు కనిపించే దానికి 750, మామూలు గదికి 650, రెండు విడి మంచాలున్న చిన్న గదికి 500. ఇప్పుడు ఎవరికి ఏది కావాలో వాళ్లే చెప్పుకుంటారు, ఇల్లు చేరాక పెట్టెలు పట్టుకుని మెట్ల మీద పరుగులుండవు. ఒంటరిగా వచ్చే ఇద్దరూ ఒక గదిలో ఉండటానికి ఇష్టపడితే సరే. ఇష్టం లేకపోతే మాత్రం "నువ్వొక్కడివే కదా, హాల్లో సోఫా మీద పడుకో" అనకండి. వాళ్లూ డబ్బిచ్చే వస్తున్నారు. చిన్న పిల్లలు అమ్మానాన్నల గదిలోనే పడుకుంటే వేరే వాటా అడగొద్దు.

అద్దె కాక ఆఖరి శుభ్రతకు, దుప్పట్లకు, ఒక్కోచోట హీటింగ్‌కు వేరేగా తీసుకుంటారు. మనిషికి రాత్రికి ఇంత అని ఊరి పన్ను చాలాసార్లు నగదుగానే అడుగుతారు. ఇవన్నీ బుక్ చేసేముందే రాయించుకోండి. సరుకులకు తలా వంద యూరోలు ఒక పర్సులో వేసి, అయిపోతే మళ్లీ వేయండి. వైన్ మాత్రం ఆ పర్సులోంచి కొనొద్దు, తాగేవాళ్లు వేరేగా కొనుక్కోవాలి. తాగనివాళ్లు నోరు తెరిచి చెప్పరు గానీ మనసులో పెట్టుకుంటారు.

ప్రశ్న: నలుగురం ఆడవాళ్లమే. ఒంటరి ఇంట్లో భయం లేదా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఒంటరి ఇల్లు తీసుకోకండి. యజమాని కుటుంబం అదే పొలంలో ఉండే అగ్రిటూరిజ్మో తీసుకోండి, రాత్రి ఏ అవసరమొచ్చినా తలుపు కొట్టడానికి మనిషి ఉంటుంది. అత్యవసరానికి నంబరు 112. గోడల్లో చిన్న నల్ల తేళ్లు కనిపిస్తే బెదరకండి, మన తేళ్లంత విషం ఉండదు, కుట్టినా కందిరీగ కుట్టినట్టే. శరదృతువులో పొద్దున్నే తుపాకీ మోతలు వినిపిస్తే అవి వేటగాళ్లవి, సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి వేట మొదలవుతుంది. ఆ రోజుల్లో అడవి బాటల్లో నడిచేటప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించే రంగు బట్టలు వేసుకోండి.

ప్రశ్న: మాతో మా అత్తగారు, మామగారు కూడా వస్తామంటున్నారు. డెబ్బై దాటారు, అత్తగారికి మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తీసుకెళ్లండి, వాళ్లకు అక్కడ చాలా నచ్చుతుంది. ఇల్లు మాత్రం వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలి.

ఆ పాత ఇళ్లు అలా ఎందుకు కట్టారో తెలిస్తే మీకే అర్థమవుతుంది. టస్కనీలో వందల ఏళ్ల పాటు భూమి దొరలది, సేద్యం రైతు కుటుంబాలది, పంటలో సగం దొరకు. మన సగపాలు లాంటిదే, వాళ్లు మెద్జద్రియా అంటారు. పొలంలోనే ఇల్లు, కింద పశువుల కొట్టం, పైన మనుషులు. పశువుల వెచ్చదనం చలికాలంలో పై అంతస్తుకు తగిలేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జనం పట్నాల్లో ఫ్యాక్టరీ పనులకు పోయారు, 1964లో కొత్త సగపాలు ఒప్పందాలనే చట్టం నిషేధించింది, వేల ఇళ్లు ఖాళీ అయ్యాయి. వాటినే తర్వాత బాగుచేసి మనలాంటివాళ్లకు అద్దెకిస్తున్నారు. అందుకే అసలు ఇల్లు పై అంతస్తులో ఉంటుంది, బయటి నుంచి ఎక్కే రాతి మెట్లు నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. కింద ఒకప్పటి కొట్టంలో చేసిన గదులు చల్లగా, కిటికీలు చిన్నవిగా ఉంటాయి, ఎండాకాలంలో ఇంట్లో అన్నిటికంటే హాయిగా ఉండే చోటు అదే. మీ అత్తగారికి ఆ గది ఇవ్వండి, స్నానాల గది కూడా కిందే ఉండాలి. అక్కడ బాత్‌రూముల్లో బిడే ఉంటుంది, కొత్త ఇళ్లకు ఒకటైనా ఉండాలని 1975 నుంచే నియమం, నీళ్లు అలవాటైన మనవాళ్లకు ఆ బెంగ తీరుతుంది.

మామగారికి శనివారం పొద్దున గ్రెవె సంత చూపించండి. సేద్యం తెలిసిన మనిషైతే ఆలివ్ చెట్ల మధ్య యజమానితో భాష రాకుండానే గంటసేపు మాట్లాడతారు, మా నాన్న అలాగే మాట్లాడారు, ఆకు తుంచి చూపిస్తూ.

"మెట్లు ఎక్కువ లేవు" అన్న యజమాని మాట మీద ఆధారపడకండి, వాళ్లకు అలవాటు. కారు ఆగే చోటు నుంచి మీ అత్తగారి మంచం దాకా ఫోన్‌తో వీడియో తీసి పంపమనండి, మెట్లు మీరే లెక్కపెట్టండి, పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో చూడండి. ఆ తర్వాతే అడ్వాన్సు కట్టండి.